నీళ్లు తగలని నౌకాదళం

మా ఇంటి నౌకాదళానికి ఇంతవరకు ఒక్క ఓడ కూడా లేదు. గుండీలు మాత్రం 162 ఉన్నాయి. లంగరు బొమ్మ ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని, రెండు చిల్లులవి, నాలుగు చిల్లులవి, పాత కోట్ల నుంచి ఊడదీసినవి. ప్రభుత్వాలు ముందు ఓడలు కట్టి, తరువాత తీరిగ్గా యూనిఫారాల సంగతి చూస్తాయి. అందుకే వాటికి అన్ని అప్పులు. యూనిఫారం దగ్గరే ఆగిపోతే యుద్ధాల బెడదే ఉండదన్న సూక్ష్మం కుట్టుమిషను ముందు కూర్చున్నవాళ్లకు తప్ప ఎవరికీ తట్టలేదు.

పాతకాలపు నావికుల బట్టలను ఇంట్లో కుట్టుకోవడాన్ని కొందరు ఇంకా కాలక్షేపం అనే అంటున్నారు. మూడేళ్లుగా ఈ దళానికి సర్వసేనానిగా, ఏకైక సిపాయిగా, కాజాలు కుట్టే విభాగానికి అధిపతిగా ఉన్న నేను ఆ మాటను ఖండించవలసి ఉంది. కాలక్షేపంలో మనిషికి విశ్రాంతి దొరుకుతుంది. ఇందులో అటువంటి ప్రమాదం లేదు.

దళం మొదటి నియమం: సముద్రపు బట్టకు నీళ్లు తగలరాదు. ముదురు నీలం గుడ్డ మీద తెల్ల టేపు కుట్టడం అంటే పామును, ముంగిసను ఒకే బుట్టలో కాపురం పెట్టించడమే. నాలుగు చినుకులు చాలు, నీలం మెల్లగా తెలుపులోకి పాకుతుంది. తుపానుల కోసం పుట్టిన దుస్తులు వేసుకుని మేము మబ్బు పడితే గుమ్మం దాటం. మంచినీళ్లు తాగవలసి వస్తే కాలర్ కొసలు రెండూ పక్కకు తప్పించి, మెడ ముందుకు చాచి తాగుతాం.

దీనికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఈ ఫ్యాషన్‌కు మూలపురుషుడైన నావికుడి వయసు నాలుగేళ్లు. 1846లో విక్టోరియా మహారాణి పెద్దకొడుకు, తరువాత ఏడవ ఎడ్వర్డ్ రాజుగా గద్దెనెక్కినవాడు, రాజకుటుంబపు ఓడ మీద షికారుకు వెళ్లాడు. ఓడలో ఉన్న దర్జీ చేత వాడికి బుల్లి నావికుడి జత కుట్టించారు. వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు ఆ వేషంలోనే వాడి నిలువెత్తు బొమ్మ వేశాడు. బొమ్మలో పిల్లవాడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉంటాడు. పని ఉన్న నావికుడెవరికీ అలా నిలబడే తీరిక ఉండదు. ఆ ఒక్క భంగిమలోనే మా ఉద్యమం భవిష్యత్తంతా కనిపిస్తుంది.

ఇక బ్రిటిష్ నౌకాదళంలో మామూలు నావికులకు ఫలానా యూనిఫారం అని కాగితం మీద నియమం వచ్చింది 1857లో. అధికారులకు 1748లోనే ఇచ్చారు. కింది నావికుడి దాకా రావడానికి 109 ఏళ్లు పట్టింది. దస్త్రం కదలడంలో ఏ దేశమైనా ఒకటే. ఈ లెక్కన అసలు యూనిఫారం కంటే దాన్ని అనుకరించిన పిల్లవాడి వేషం 11 ఏళ్లు పెద్దది. ముందు నకలు, ఆ వెనక అసలు! ఆ తరువాత దేశదేశాల తల్లులూ తమ పిల్లలకు అవే కాలర్లు తొడిగారు. 1920 దశకం నుంచి జపాన్ ఆడపిల్లల బడుల్లో అదే యూనిఫారమై కూర్చుంది. ఓడ ముఖం చూడని కాలర్ల లెక్క తీస్తే ప్రపంచంలోని నౌకాదళాలన్నీ కలిపినా దానికి చాలవని నా నమ్మకం.

కుట్టడం కంటే కథ చెప్పడం మాకు ఇష్టమని ఒప్పుకుంటాను. కాలర్ అంచున మూడు తెల్ల గీతలు ఎందుకు? బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ గెలిచిన మూడు యుద్ధాలకు గుర్తట: 1798 నైలు, 1801 కోపెన్‌హేగెన్, 1805 ట్రఫాల్గర్. వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆధారం అడిగితే మాత్రం గాలి మళ్లుతుంది, ఎందుకంటే లేదు. మెడలోని నల్ల రుమాలు ఆయన చావుకు సంతాపమట. ఆయన నిక్షేపంలా ఉన్న రోజుల్లోనే నావికుల మెడల్లో ఆ రుమాలు ఉంది. వీపు మీద అంత చదరపు కాలర్ ఎందుకంటే, అప్పటి నావికులు వేసుకునే తారు పూసిన జడ చొక్కాకు అంటకుండా అంటారు. జడల వాడుక పోయిన తరువాత గాని ఇంత కాలర్ రాలేదు. జడ పోయాక జడగుడ్డ వచ్చిందన్నమాట. చరిత్రకారులు ఇలా ఒక్కొక్క కథనూ విప్పుకుంటూ పోతారు. కుట్టు విప్పడం ఎంత తేలికో మాకు వాళ్లు చెప్పనక్కరలేదు.

నేను కుట్టిన మొదటి కాలర్ మీద నాలుగు గీతలు ఉన్నాయి. మూడోది వంకర పోయింది. దాన్ని కప్పడానికి నాలుగోది వేశాను. అది మరో వంకర పోయింది. చూడవచ్చిన ఒక పెద్దాయన, విషయం తెలిసినవాడు, “మూడు యుద్ధాలు సరేనమ్మా, నాలుగోది ఏ యుద్ధం?” అన్నాడు. “ఇంకా జరుగుతోందండీ” అని కాలర్ మూల చూపించాను.

ఆ మూల గురించి చెప్పుకోవాలి. కాలర్ వెనక రెండు మూలలు. మూలకు మూడు గీతలు. అంటే టేపు ఆరు చోట్ల మలుపు తిరగాలి. మూల దాకా కుట్టి, సూదిని గుడ్డలోనే దింపి ఉంచి, మిషను పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, టేపును తన మీదికే మడిచి, మడత సరిగ్గా ఏటవాలుగా పడేలా గోటితో నొక్కి, పాదం దించాలి. ఈలోగా ఎవరూ పిలవకూడదు. పిలుస్తారు. పలికితే మడత ఒక పోగు జరుగుతుంది. ఒక్క పోగే కదా అని మీరు అనవచ్చు. తెల్లని గీత, నీలం నేల, ఆ పోగు చీకట్లో దీపంలా కనిపిస్తుంది. ఆరు మలుపుల్లో అయిదు కుదురుతాయి. చూసేవాళ్ల కన్ను ఆరోదాని మీదే పడుతుంది. ఇస్త్రీ పెట్టె ఆవిరితో కొంత దిద్దవచ్చు. మిగిలినదానికి జుట్టు విరబోసుకోవడమే దారి.

ఫ్రెంచి ప్రభుత్వం ఈ విషయంలో ఇంకా పట్టింపు గలది. 1858 మార్చి 27న జీవో ఇచ్చి మరీ నావికుడి చారల బనియను లెక్క తేల్చింది: ఒంటికి 21 తెల్ల చారలు, ఒక్కొక్కటి 20 మిల్లీమీటర్లు, నడుమ నీలం చారలు 10 మిల్లీమీటర్లు. ఈ 21 చారలూ నెపోలియన్ గెలిచిన 21 యుద్ధాలని మళ్లీ ఒక కథ. ఓడిన యుద్ధాలను ఎక్కడ కుట్టారో చెప్పినవాళ్లు లేరు. నాకు తెలుసు. పక్క కుట్టులో కుట్టారు. చారల జెర్సీ గుడ్డ రెండు పొరలూ కలిపి మిషను కింద పెడితే, కింది పొరను పళ్లు ముందుకు లాక్కుపోతాయి, పై పొర పాదం కింద నిలదొక్కుకుంటుంది. చంక దగ్గర నీలానికి నీలం అతికినట్టు బయలుదేరిన కుట్టు నడుము చేరేసరికి నీలానికి తెలుపు ఎదురు పడుతుంది. ప్రతి చారకూ ఒక గుండుసూది గుచ్చితే తప్పుతుంది. అన్నేసి సూదులు అటూ ఇటూ. ఒకటి ఎప్పుడూ తీయడం మరిచిపోతాం. బనియను వేసుకున్నాక అదే గుర్తు చేస్తుంది.

ప్యాంటు సంగతికి వస్తే, అమెరికన్ నావికుడి ప్యాంటుకు ముందు పలక, దాని చుట్టూ 13 గుండీలు. మొదటి 13 రాష్ట్రాలకు గుర్తని వాళ్లూ కథ కట్టుకున్నారు. నిజానికి ఒకప్పుడు అవి 15 ఉండేవి, ఆపైన ఏడయ్యాయి, పలకను వెడల్పు చేసినప్పుడు అమరిక బాగుంటుందని 13 చేశారు. రాష్ట్రాలు మధ్యలో ఎక్కడికీ పోలేదు. నేను ఈ ప్యాంటు ఒకటి కుట్టాను. 13 కాజాలు. కాజా కోసేటప్పుడు చివర అడ్డంగా గుండుసూది గుచ్చుకోవాలి, లేకపోతే బ్లేడు కాజా దాటి నడుము దాకా పోతుంది. పన్నెండింటికి గుచ్చాను. పదమూడోదానికి చెయ్యి తిరిగిందన్న ధీమా వచ్చింది. అది పోతే పోయింది. మిగిలిన పన్నెండుతోనూ ఆ ప్యాంటు వేసుకుని బయటికి వెళ్లినవాళ్లకు ఒక విషయం బోధపడుతుంది. నావికులు అంత క్రమశిక్షణ గలవాళ్లు ఎలా అయ్యారో! అత్యవసరం ముంచుకొచ్చే అరగంట ముందే గ్రహించి గుండీలు విప్పడం మొదలుపెట్టాలి.

ఇక్కడ పాతకాలం అనే మాటను కాస్త నిర్వచించాలి. ఈ కుట్టు పిచ్చి పట్టినవాళ్లలో శుద్ధవాదులు ఉన్నారు. వాళ్లు పాలియెస్టర్ దారం ముట్టరు. జిప్పు పేరెత్తితే చెవులు మూసుకుంటారు. ఆ మాటలన్నీ చెప్పేది మాత్రం కాజాలు తనంతట తానే కుట్టే కంప్యూటర్ మిషను ముందు కూర్చుని. రెండో వర్గానికి నడుములో ఎలాస్టిక్, పక్కన రహస్యంగా జిప్పు, ఫోనుకు జేబు, పైన ఒక లంగరు గుండీ ఉంటే చాలు, 1930 వచ్చేసినట్టే. నేను రెండు వర్గాలకూ సమాన దూరం పాటిస్తాను; నా జిప్పు పాడైంది గనుక.

పాత నమూనా కాగితాలు సంపాదించినవాళ్ల దశ మరొకటి. బాగా పాతవాటి మీద ఒక్క అక్షరం అచ్చు ఉండదు. ఉల్లిపొర లాంటి కాగితం, దాని నిండా చిన్నవీ పెద్దవీ రంధ్రాలు. ఏ రంధ్రం దేనికో విడిగా ఇచ్చిన సూచనల కాగితం చెప్పాలి. అది పోయి ఉంటుంది. చెయ్యి అనుకుని ఒక ముక్కను వారం రోజులు కుస్తీ పట్టాక అది కాలర్ అని తేలింది. కొలతల మాటా అంతే. 1940ల నమూనా మీద 14 అని ఉంటే ఛాతీ 32 అంగుళాలని అర్థం. ఇప్పటి దుకాణంలో 14 సరిపోతుంది గదా అన్న ధైర్యంతో కత్తిరించాను. ఆ చొక్కా ఇప్పుడు మా మేనకోడలిది. ఎనిమిదేళ్ల పిల్ల. వదులుగా ఉన్నా వేసుకుని అద్దం ముందు నిలబడి, “అత్తా, నేను ఏ బ్యాండులో వాయించాలి?” అంది.

జేబు మీద లంగరు కుట్టడం మాకు చివరి ఘట్టం. కాడకు తాడు వయ్యారంగా మెలికలు చుట్టుకున్న లంగరు అందరికీ ఇష్టం. బ్రిటిష్ నౌకాదళపు పాత ముద్రలో ఉన్నదీ అదే. ఓడ నడిపేవాళ్లకు మాత్రం తాడు చుట్టుకున్న లంగరు అంటే శని. అది నేలను పట్టదు, పైకి రాదు, ఓడ కదలదు. పని చెడిపోయిన ఘడియను వాళ్లు రాజముద్ర చేసుకున్నారు. నేను కూడా ఆ ముద్ర కుడుతున్నప్పుడు బాబిన్ కింద దారం చుట్టుకుపోయి మిషను బిగుసుకుంది. అంత చారిత్రక నిజాయితీతో ఆ లంగరును మరెవరూ కుట్టి ఉండరు.

పరిహాసం చేసేవాళ్లకు దాచి ఉంచిన తురుపు ముక్క ఒకటి ఉంది. పాతకాలపు నావికుడు తన బట్టలు తానే కుట్టుకునేవాడు. ఓడ మీద గుడ్డ కొనుక్కుని, డెక్కు మీద పరిచి కత్తిరించి, మోకాళ్ల మీద పెట్టుకుని సూదితో కుట్టేవాడు. బ్రిటిష్ ఓడల్లో బట్టలు కుట్టుకోవడానికి, మరమ్మతు చేసుకోవడానికి ప్రత్యేకంగా ఒక పూట సెలవు ఉండేది. సాధారణంగా గురువారం మధ్యాహ్నం. ఆ దళంలో సగం రోజు సెలవును ఇప్పటికీ కుట్టు పూట పేరుతోనే పిలుస్తారు. సూదులు, దారాలు, గుండీలు పెట్టి చుట్టుకునే గుడ్డ సంచికి నావికులు పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా? ఇల్లాలు. నిజంగానే, వాళ్ల భాషలో ఆ మాటే. ఒకప్పుడు నావికుడి సంచిలో ఇల్లాలు ఉండేది, ఇప్పుడు ఇల్లాలి సంచిలో నావికుడు ఉన్నాడు. ఓడలు బళ్లు కావడం అంటే ఇదే కాబోలు. తుపాను, ఫిరంగి, ఉప్పు గాలి అతనికి ఉద్యోగం. చేతికి సూది గుచ్చుకున్నప్పుడు తిట్టుకున్న తిట్టు అతని సొంతం. నాకు వారసత్వంగా దక్కింది ఆ తిట్టే.

ఇంత చెప్పాక, మొదటి నియమం పోయిన నెల నా చేతిలోనే భంగమైందని ఒప్పుకోక తప్పదు. గుడ్డ కత్తిరించే ముందు తడిపి ఆరవేయాలి. తొందరలో తడపలేదు. కుట్టడం పూర్తయ్యాక కాలర్ మీద మరక పడింది. ఉతకాలి. రంగు పోకుండా నీళ్లలో ఉప్పు వేయమని నలుగురూ చెప్పారు. ఒకసారి అద్దకం పూర్తయిన గుడ్డలో రంగును ఉప్పు పట్టి ఉంచలేదని నాకు తెలుసు. అయినా బకెట్ నిండా నీళ్లు పట్టి, రెండు గుప్పిళ్లు వేశాను. ఉప్పు, నీళ్లు, అందులో నావికుడి చొక్కా: దాని వంశంలో ఇంతవరకు ఏ చొక్కాకూ పట్టని యోగం. రెండు నిమిషాల్లో నీళ్లు అచ్చం సముద్రం రంగుకు వచ్చాయి. గీతలు మూడూ లేత నీలమయ్యాయి. నెల్సన్ యుద్ధాలు మూడూ గంగలో కలిశాయి.

మా మేనకోడలు వచ్చి బకెట్‌లోకి తొంగి చూసింది. బల్ల మీద ఉన్న పాత నమూనా కాగితం, రంధ్రాలది, ఒక ముక్క తీసుకుని మడిచి పడవ చేసి వదిలింది. “అత్తా, ఇదిగో నీ ఓడ” అంది. అది ఒక్క చుట్టు తిరిగింది. రంధ్రాల్లోంచి నీలం నీళ్లు పైకి వచ్చాయి. పక్కకు ఒరిగి, కాలర్ మీద కూర్చుంది.