సవరణ: ఎదురు బిడ్ తర్వాత డబుల్ అర్థం

బ్రిడ్జ్ పేకాటలో భాగస్వామి ఒక డైమనుతో వేలం తెరిచి, కుడివైపు ప్రత్యర్థి ఒక ఇస్పేటు చెప్పినప్పుడు, ఇస్పేట్లలో రాజు, జాకీ, పది, తొమ్మిదితో కలిపి అయిదు ముక్కలున్నవారు డబుల్ చెప్పి (అంటే ప్రత్యర్థి ఓడితే నష్టం పెరిగేలా చేసి) శిక్షించవచ్చని నా క్రితం వ్యాసంలో రాశాను. అది తప్పు.

1957లో ఆల్విన్ రాత్, టోబియాస్ స్టోన్ ప్రవేశపెట్టిన నెగటివ్ డబుల్ (శిక్షకు కాక, ఇంకా ఎవరూ చెప్పని రంగు మన దగ్గర ఉందని భాగస్వామికి తెలిపే డబుల్) నేటి పోటీ ఆటలో సర్వసాధారణం కాబట్టి, మన డబుల్ విన్న భాగస్వామి మన చేతిలో నాలుగు ఆఠీన్లు, పెద్ద ముక్కల లెక్కలో కనీసం ఆరు పాయింట్లు ఉన్నాయని అర్థం చేసుకుని, సహజంగానే ఆఠీన్లు చెబుతారు. మనం పన్నిన వల మనకే చుట్టుకుంటుంది.

ఆ చేతితో చెప్పవలసినది పాస్. ఎడమవైపు ప్రత్యర్థి కూడా పాస్ అంటే, ఇస్పేట్లలో ఒకటో రెండో ముక్కలే ఉన్న భాగస్వామి, మన మౌనం వెనుక బలం దాగి ఉండవచ్చని ఊహించి, తానే డబుల్ చెబుతారు. దానిపై మనం మళ్లీ పాస్ అన్నప్పుడే అది శిక్షగా మారుతుంది. అయితే దీన్ని యాంత్రికంగా పాటించకూడదు. తెరిచినవారి చేతిలోనే మూడు నాలుగు ఇస్పేట్లుంటే, మన పాస్‌కు కారణం బలహీనతే అయ్యే అవకాశం ఎక్కువ కనుక, వేలాన్ని అక్కడే ముగియనివ్వడం మంచిది. ఇంతటి ఊహ పరస్పర నమ్మకంపైనే నిలుస్తుంది. నా పాత సలహా ఆ నమ్మకాన్నే దెబ్బతీసేది కాబట్టి, దాన్ని పాటించిన జోడీలకు క్షమాపణలు.

ప్రత్యర్థి ఒక నోట్రంప్ (తురుఫు లేని ఆట) చెప్పినప్పుడు డబుల్ శిక్ష కోసమేనన్న మాటలో మార్పు లేదు.