ఊళ్లో ఇసుక దిబ్బ, ఒక్క ట్రాక్టరూ లేదు

చిలీ దేశానికి ఉత్తరపు కొసన, అటకామా ఎడారి సముద్రాన్ని తాకే చోట, ఇకీకే అనే ఊరుంది. ఆ ఊరి మీద నాకొక ఫిర్యాదుంది. ఎవరికివ్వాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఫిర్యాదు ఇసుక గురించి. ఊరికీ, ఊరి వెనక కొండకీ మధ్య సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున ఒక ఇసుక దిబ్బ పడుకొని ఉంది. పేరు సెర్రో ద్రాగోన్, అంటే డ్రాగన్ కొండ. దాని కాళ్ల దగ్గరే అపార్ట్‌మెంట్లు, రోడ్లు, కార్లు. లోడింగ్ పాయింటు ఇంటి ముందే, రవాణా ఖర్చు సున్నా. అయినా అర్ధరాత్రి దాటాక లైట్లార్పుకొని వచ్చే ఒక్క ట్రాక్టరు లేదు. రీచ్ లేదు, వే బిల్లు లేదు, రీచ్ ఎవరిదనే కొట్లాట లేదు. పైగా 2005లో అక్కడి ప్రభుత్వం ఆ దిబ్బను రక్షిత ప్రకృతి స్థలంగా ప్రకటించింది. పులికి రక్షణ అంటే విన్నాం, కృష్ణజింకకు అంటే విన్నాం. ఇసుకకు అభయమిచ్చిన సర్కారును చూడటం నాకు ఇదే మొదలు.

ఎడారి ఇసుక గాలికి దొర్లి దొర్లి గింజ గుండ్రంగా, నునుపుగా తయారవుతుంది. సిమెంటుతో సరిగా కలవదు, స్లాబుకు పనికిరాదు. ఆ ఒక్క లోపమే దాని ప్రాణం కాపాడిందని నా అనుమానం. మన పెన్నా ఇసుక ఖర్మ, గరుకుగా పుట్టింది.

మరి అంత ఇసుక ఎదురుగా పెట్టుకొని వాళ్లేం చేస్తారు? దాని మీద, గాలిలో, అటూ ఇటూ తిరుగుతారు. పారాగ్లైడింగ్ అంటారు దాన్ని. దిబ్బ వాలును అంటిపెట్టుకొని తిరిగితే డ్యూన్ సోరింగ్. మన పెద్దలు ఎప్పుడో పేరు పెట్టిన విద్యే ఇది: నేల విడిచి సాము. మనవాళ్లు తిట్టుగా వాడిన మాటను వీళ్లు హెల్మెట్ పెట్టుకొని నేర్చుకుంటున్నారు.

నేను వెళ్లలేదు. మా మేనల్లుడు వెళ్లాడు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి దొరికేది మూడు వారాల సెలవు. ఆ సెలవులో పద్దెనిమిది కిలోల సంచీ వీపున వేసుకొని ఇకీకే చేరి, ఒకరాత్రి వీడియో కాల్ చేశాడు. మాకు పదిన్నర, వాడికి మధ్యాహ్నం రెండు.

"యాడున్నావురా?"

"ఎడారిలో ఉండా మామా."

"ఎడారి కోసం అంత దూరం పోవల్నా? మన అనంతపురం జిల్లా లేదా?"

వాడు నవ్వి, ఫోను బండి బానెట్ మీద నిలబెట్టాడు. ఇకీకేకు దక్షిణాన పాలో బూకే అనే చోటట. తెర నిండా ఇసుక వాలు. చెట్టు లేదు, చేమ లేదు, టీ కొట్టు లేదు. వాడు సంచీలోంచి ఆరంజి రంగు గుడ్డ తీసి, పెళ్లిలో జంపఖానా పరిచినట్టు ఇసుక మీద పరిచాడు. దానికి వందల దారాలు. గాలికి వీపు, గుడ్డకు మొహం పెట్టి నిలబడి, దారాలు పట్టి లాగాడు. గుడ్డ లేచింది. లేచి, ఒక పక్కకు ఒరిగి, వాణ్ని లాక్కుపోయింది. పలుపు తెంచుకున్న కోడెదూడ వెనక పోయినట్టు పోయాడు. పదిబారల అవతల బోర్లా పడ్డాడు. లేచి నోట్లో ఇసుక ఉమ్మి, మళ్లీ మొదటికొచ్చాడు. రెండోసారీ అంతే. ఇంట్లో అన్నం తిన్న కంచం తీయమంటే కదలని మనిషి!

మూడోసారి గుడ్డ నిటారుగా లేచి నెత్తి మీద నిలబడింది. వాడు గిరుక్కున తిరిగి రెండంగలు వేశాడు. మూడో అంగ ఇసుక మీద పడలేదు.

అద్భుతమే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఏమీ జరగలేదు. నిలువెత్తు మనిషికి అందేంత ఎత్తులో వాలు వెంబడి అటు చివరకు పోయాడు, ఇటు చివరకు వచ్చాడు. మలుపు తిరిగినప్పుడల్లా ఆ గుడ్డ రెక్క కొస ఇసుకకు తగిలి సన్నటి గీత పడుతోంది, గాలి వెంటనే దాన్ని చెరిపేస్తోంది. నేను పోయి పెరుగన్నం తిని, పాలు తోడేసి, గేటుకు తాళం వేసి వచ్చాను. ఇంకా అక్కడే ఉన్నాడు. దాదాపు రెండు గంటల తర్వాత, లేచిన చోటే దిగాడు.

"యాడికి పోయొచ్చినావురా ఇంతసేపూ?"

"యాడికీ పోలేదు మామా. ఈడ్నే."

ఈ ‘ఈడ్నే’కు విమానం టికెట్టు, హోటలు, ఇన్సూరెన్సు, కొత్త రెక్క కొంటే అదొక మూడు నాలుగు లక్షలు. ఈ ఆట పొదుపు కోసం పుట్టిందని చెబితే మీరు నమ్మరు. 1978లో ఫ్రాన్స్‌లో మియుసీ అనే ఊరి దగ్గర కొందరు పారాచూట్ మనుషులు, విమానం అద్దె దండగ అనుకొని, కొండవాలు మీద పరుగెత్తి పారాచూట్‌తో లేచారు. విమానం ఖర్చు మిగిలింది. ఆ మిగిలిన డబ్బు కోసం ప్రపంచం ఇప్పటికీ ఖర్చు పెడుతూనే ఉంది.

ఇక వాతావరణం సంగతి. ఇకీకేలో వాన పడదు. పడదంటే మనం అరుగు మీద కూచొని అనుకునే ‘ఈసారి వానల్లేవు’ లాంటిది కాదు. ఏడాది సగటు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అదే తీరంలో ఇంకా ఉత్తరానున్న అరీకాలో 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి దాకా, 173 నెలలు, వానన్నదే లేదు. ప్రపంచ రికార్డు అది. మా అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. దాంతోనే మేం కరువు సదస్సులు, కరువు కవితలు, కరువు బృందాల పర్యటనలు అన్నీ నడుపుకొస్తున్నాం. ఒక్క మిల్లీమీటరు లేనివాళ్లు ఎంత సాధించి ఉండాలి! కరువును వాడుకోవడం చేతకాని జనం. కేంద్ర బృందాన్ని పిలిపించి ఎండిన చేను చూపించాల్సింది పోయి, ఏడాది పొడవునా ఎగరొచ్చు రండి అని బోర్డులు పెట్టుకున్నారు.

ఎగరడం వెనకున్న శాస్త్రం మా మేనల్లుడు గంటసేపు చెప్పాడు. నేను నాలుగు ముక్కల్లో చెబుతాను. తీరం వెంబడి హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీళ్లు మోసుకొస్తుంది. పొద్దెక్కే కొద్దీ ఎడారి నేల కాగుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. వచ్చిన గాలికి ఊరి వెనక ఐదారు వందల మీటర్ల కొండ గోడలా అడ్డం. పైకెక్కడం తప్ప దానికి దారి లేదు. ఈ గుడ్డ రెక్క మామూలుగా సెకనుకు మీటరు చొప్పున కిందికి దిగుతూ ఉంటుంది. గాలి అంతకంటే ఎక్కువగా పైకి లేస్తుంటే మనిషి పైనే ఉంటాడు. అంతే శాస్త్రం. మిగతాదంతా ఖర్చు.

అన్నట్టు, ఆ కొండ మీద ఆల్టో ఓస్పీసియో అనే ఇంకో పట్నం ఉంది. పేదల పట్నం. అక్కడివాళ్లు కింద ఇకీకేలో పనులకు బస్సుల్లో దిగి, సాయంత్రం బస్సుల్లో ఎక్కుతారు. ఆ పక్కనే అంచు మీద నుంచి విదేశీయులు గుడ్డ కట్టుకొని దిగుతారు. దిగేది మాత్రం ఇద్దరూ ఒక్క ఊళ్లోకే.

ఈ విద్యలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. రెండు చేతుల్లో రెండు బ్రేకు తాళ్లుంటాయి. కిందికి లాగితే వేగం తగ్గుతుంది. చేతులు పూర్తిగా పైకెత్తేస్తే గంటకు 36, 38 కిలోమీటర్లతో పోతుంది. అంటే చేతులెత్తేస్తేనే బండి ముందుకు పోయేది. మన ఆఫీసుల్లో చేతులెత్తేసినవాళ్లు ఎందరో ఉన్నారు, ఏ ఫైలూ అంగుళం జరిగినట్టు నేను చూడలేదు. అయితే ఎదురుగాలి కూడా అంతే వేగంగా వస్తే మనిషి ఉన్నచోటే నిలబడిపోతాడు. ఇంకాస్త పెరిగితే మొహం సముద్రం వైపు, ప్రయాణం వెనక్కి. అప్పుడు మాత్రం నిజంగానే చేతులెత్తేయాలి.

ట్రాఫిక్ నియమం కూడా ఉంది. ఇద్దరు ఎదురెదురైతే, వాలు ఎవరికి ఎడమచేతి వైపుంటే వాళ్లు పక్కకు తప్పుకోవాలి. సిగ్నలు లేదు, కానిస్టేబులు లేడు, ఫోటో తీసి చలానా పంపేవాడు లేడు. అయినా తప్పుకుంటారట. హారన్ లేకుండా ఇదెలా సాధ్యమో వాడు చెప్పలేకపోయాడు.

వీళ్లకు గురువులు ఎర్ర తల రాబందులు. రెక్క ఆడించకుండా అవి ఎక్కడ గుండ్రంగా తిరుగుతుంటే అక్కడ గాలి పైకి లేస్తున్నట్టు గుర్తు. చూడగానే వీళ్లంతా ఎగబడి ఆ కిందికి చేరతారు. రాబందు నెత్తి మీద తిరగడం శుభశకునమైన చోటు భూమ్మీద ఇదొక్కటే అనుకున్నాను. మా అక్కకు మాత్రం ఆ వీడియో చూపించలేదు.

అక్క బాధ అక్కది. మొన్న ఒక సంబంధంవాళ్లు ఫోన్ చేసి, అబ్బాయి అలవాట్లేమిటని అడిగారట. ‘తాగడు, పొగతాగడు, సెలవులొస్తే గాలికి తిరుగుతాడు’ అని ఉన్నమాట చెప్పింది. వాళ్లు మళ్లీ చేయలేదు.

నిజానికి ఇకీకేకు గాలితో పాత లెక్కలున్నాయి. ఆ ఎడారి నేలలో సురేకారం ఉంది. ఐరోపా పొలాలకు ఎరువు, ఫిరంగులకు మందు అదే. అప్పట్లో ఆ ఊరు పెరూది. గడ్డిపోచ మొలవని ఆ నేల కోసం 1879లో చిలీ, పెరూ, బొలీవియా యుద్ధానికి దిగాయి. మే 21న ఇకీకే రేవు ముందే చిలీ ఓడ ఎస్మెరాల్దా మునిగింది. ఆ రోజు ఓడిన చిలీవాళ్లే చివరికి గెలిచి, ఊరు తీసుకున్నారు. ఎరువు గుట్టలు కరిగి లండన్‌లో మేడలయ్యాయి. 1907 డిసెంబరులో ఎడారి గనుల కూలీలు జీతాల కోసం సమ్మెచేసి ఇకీకేకు దిగివచ్చి, శాంతా మరియా బడిలో తలదాచుకున్నారు. 21వ తేదీన సైన్యం వాళ్ల మీద తుపాకులు పేల్చింది. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు, ముందుకు పోతాను.

1913లో జర్మనీవాళ్లు గాలిలోని నత్రజనితో ఎరువుకు కావలసిన అమ్మోనియా తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టారు. గాలి నుంచే ఎరువొస్తుంటే ఎడారి తవ్వేదెవరు? సురేకారం వ్యాపారం మెల్లగా చచ్చింది. ఇకీకేకు తూర్పున హంబర్‌స్టోన్ అనే కార్మికుల పట్నం 1960 ప్రాంతానికల్లా ఖాళీ అయింది. నాటకశాల, ఈత కొలను, రేకుల ఇళ్లు అలాగే ఉన్నాయి, మనుషులే లేరు. దిబ్బకు రక్షణ దొరికిన 2005లోనే దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. గాలి దెబ్బకు వీధిన పడ్డ తీరం ఇప్పుడు ఆ గాలినే టికెట్టు పెట్టి అమ్ముకుంటోంది. దాని పేరు టాండెం, అంటే పైలట్ ముందర మిమ్మల్ని కట్టుకొని కొండ మీద నుంచి తీసుకెళ్లి బీచ్‌లో దింపుతాడు. ఎరువు అయిపోవచ్చు గానీ, సముద్రానికీ ఎండకూ చెడేదాకా గాలికి లోటు లేదు.

ఇదంతా రాసి ముగిద్దామనుకుంటుండగా మేనల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. వాడికో ఆలోచన వచ్చిందట. మా జిల్లాలో హగరి ఏటి ఒడ్డున, బొమ్మనహాళ్, కణేకల్ వైపు ఇసుక దిబ్బలున్నాయి కదా, ఆషాఢంలో గాలి బాగుంటుంది కదా, రెక్క తీసుకొని వస్తాను, వాలు ఎటువైపుందో కాస్త కనుక్కొని పెట్టు మామా అన్నాడు.

ఉన్న మాటే. ఎండిన హగరిలోంచి గాలి ఇసుకను ఎత్తుకొచ్చి, ఏటేటా పక్క చేలల్లో పోస్తుంది. ఏటిలో ఉండాల్సినది లారీల్లో, చేలో ఉండకూడనిది చేలో, అదీ మా ఇసుక విధానం. మా చిన్నాయనకు అక్కడ ఐదెకరాలుంది. ఉంది అంటే, పాసు పుస్తకంలో ఉంది. అందులో రెండున్నర ఎకరాలు దిబ్బ కింద ఉంది.

వాలు సంగతి కనుక్కుందామని ఆయన దగ్గరికే పోయాను. ఫోనులో వీడియో చూపించాను. కళ్లజోడు సర్దుకొని, ఆరంజి గుడ్డ అటు పోయి ఇటు వచ్చేదాకా పూర్తిగా చూశాడు. ఎగిరే మనిషిని ఆయన పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. వేలితో తెర మీద దిబ్బను చూపించి అడిగాడు.

"ఈ ఇసుక ఎవురి చేన్లో పడిందిరా?"

"ఎవురి చేనూ కాదు చిన్నాయనా. అంతా ఎడారి."

"అదృష్టవంతులు," అన్నాడు. ఫోను నా చేతికిచ్చి, కాసేపాగి మళ్లీ అడిగాడు. "ఆ గుడ్డకు ఎంత బరువు లేస్తుందంటాడు?"

"ఇద్దరు మనుషులను మోసేవి కూడా ఉన్నాయంట."

"అయితే వాణ్ని రమ్మను. వట్టి చేతుల్తో ఎగరడమెందుకు? ఎగిరినప్పుడల్లా రెండు గోతాల ఇసుక కట్టుకొని పొయ్యి హగరిలో పోసి రమ్మను. మధ్యాన్నం అన్నం నేను పెడతా."