పడవ మునగకపోయినా మనిషి మునుగుతాడు

స్వాన్ అనే తెరచాప పడవల గురించిన ఫార్వర్డ్ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా పెద్దనాన్నగారి అబ్బాయి. కింద రెండు దండాలు, "తప్పక చదువు తమ్ముడూ" అని ఒక ముక్క. అన్నయ్య ఎప్పుడూ తెరచాప పడవ ఎక్కినవాడు కాదు కాబట్టి ఆయన్ని ఏమీ అనను. హుస్సేన్ సాగర్‌లో వారం వారం పడవ నడిపేవాళ్లు కూడా ఇదే పంపుతున్నారు చూడండి, ఒళ్లు మండేది అక్కడ.

చదవని అదృష్టవంతుల కోసం మెసేజ్ సారాంశం ఇది. ఫిన్లాండ్‌లో ఒక మామూలు సేల్స్‌మన్. అడవిలో చెట్లు నరికి, ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా ఒక పడవ చేశాడు. అది తిరగబడదు, మునగదు, అందుకే దాన్ని నడిపేవాళ్లు లైఫ్ జాకెట్ కూడా వేసుకోరు. ప్రపంచాన్ని చుట్టే మొదటి పందెంలో అన్ని పడవలకంటే వేగంగా వెళ్లి గెలిచింది. ఆ తర్వాత ఓటమన్నదే ఎరగదు. భూగోళం చుట్టిరాగల పడవ ప్రపంచంలో ఇదొక్కటే. ఈ రోజుకీ ఆ కుటుంబమే కంపెనీ నడుపుతోంది. పదిమందికి పంపండి.

ముందు మెసేజ్‌తో వచ్చిన ఫొటో సంగతి. అందులో ఉన్నదానికి తెరచాప లేదు, అది కట్టే స్తంభం (మాస్ట్) లేదు. అది మోటారు యాట్. ఇంకేం చెప్పను!

అడవిలో చెట్లు నరికిన ముచ్చట. కంపెనీ పేరు నాటర్, పడవల పేరు స్వాన్. 1966లో ఫిన్లాండ్ పశ్చిమ తీరంలోని పియెటర్‌సారిలో పెక్కా కోస్కెన్‌కులా అనే యువకుడు మొదలుపెట్టాడు. మొదటి మోడల్ స్వాన్ 36 ఫైబర్‌గ్లాస్ పడవ. అచ్చులో పొర మీద పొర గాజు గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు పట్టించి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. అదే అచ్చులోంచి మళ్లీ ఇంకొకటి. ఆ రోజుల్లో గొప్ప పందెం పడవంటే ఒక్కో ఆసామి కోసం ఒక్కోటి విడిగా కట్టించుకునేది. అదే స్థాయి పడవని వరసబెట్టి తయారుచేసి అమ్మడం ఇతను పట్టుకున్న కిటుకు. గొడ్డలి కథ ఎక్కడినుంచి వచ్చిందో రాసినవాడికే తెలియాలి.

ఇక 'ఒంటరిగా' అన్న మాట. స్వాన్ 36 డిజైన్ న్యూయార్క్‌లోని స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ వాళ్లది. అప్పటికే అమెరికాస్ కప్ అనే పేరుమోసిన పడవ పందెం గెలిచిన పడవలు గీసిన ఒలిన్ స్టీఫెన్స్ కంపెనీ అది. పియెటర్‌సారి చుట్టుపక్కల ఊళ్లు శతాబ్దాలుగా చెక్క ఓడలు కట్టినవి. లోపలి చెక్క పని చేసిన చేతులు ఆ వడ్రంగులవి. తర్వాత ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగి కంపెనీ కుదేలైతే, నిలబెట్టింది షౌమన్ అనే పెద్ద కలప, కాగితం సంస్థ. ఇంతమందిని చెరిపేస్తే తప్ప ఒంటరి వీరుడు తయారవడు మరి.

ఇప్పుడు అసలు విషయం, లైఫ్ జాకెట్. మిగతా మెసేజ్ అంతా పోనీ అనుకుని వదిలేయొచ్చు. ఈ ఒక్క వాక్యాన్ని వదలలేను. ఎందుకంటే మొన్న ఒక తండ్రి, కొడుకుని సెయిలింగ్‌లో చేర్చడానికి వచ్చి, ఇది చూపించి "పెద్ద పడవల్లోనే వేసుకోరట కదండీ, ఈ చెరువులో ఇంత హడావిడి ఎందుకు?" అని అడిగాడు.

స్వాన్ లాంటి పడవకి అడుగున కీల్ అనే బరువైన సీసపు రెక్క ఉంటుంది. గాలికి ఒరిగితే ఆ బరువు మళ్లీ నిలబెడుతుంది. అంతవరకు నిజం. కానీ తిరగబడదని ఎవరన్నారు? మెసేజ్ గొప్పగా చెప్పే ఆ మొదటి పందెం, 1973-74 విట్‌బ్రెడ్, గెలిచిన స్వాన్ 65 పేరు సయూలా II. కేప్‌టౌన్ నుంచి సిడ్నీ వెళ్లే దారిలో దక్షిణ సముద్రంలో ఒక అల దాన్ని పక్కకి పడేయడం కాదు, దాదాపు తలకిందులు చేసింది. లోపలికి నీళ్లొచ్చాయి, మనుషులకి దెబ్బలు తగిలాయి. కీల్ ఉంది కాబట్టి లేచింది. అంటే తిరగబడని పడవకి ఉదాహరణగా వీళ్లు ఎంచుకున్నది సరిగ్గా తిరగబడిన పడవని!

అదే పందెంలో ముగ్గురు చనిపోయారు. తౌరంగా మీదనుంచి పాల్ వాటర్‌హౌస్, 33 ఎక్స్‌పోర్ట్ మీదనుంచి డొమినిక్ గియే, గ్రేట్ బ్రిటన్ II మీదనుంచి బెర్నీ హోస్కింగ్. ముగ్గురూ సముద్రంలో పడి పోయినవాళ్లే. ఆ మూడు పడవల్లో ఒక్కటీ మునగలేదు. హోస్కింగ్ పారాచూట్ దళ సైనికుడు, చేతకానివాడేం కాదు. పడవ తేలుతూనే ఉంటుంది బాబూ, గాలికి ముందుకి పోతూనే ఉంటుంది, నీళ్లలో పడ్డవాడే వెనక మిగిలిపోతాడు. హార్నెస్ (మనిషిని పడవకి కట్టి ఉంచే పట్టీ), లైఫ్ జాకెట్ పడవ కోసం కాదు, మనిషి కోసం.

పైగా పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవకి సీసం కీల్ అన్నదే లేదు, అడుగున ఒక పలక ఉంటుంది అంతే. దిశ మారేటప్పుడు బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య) అడ్డంగా వచ్చి తలకి తగులుతుంది, పడవ బోల్తా, పిల్లాడు నీళ్లలో. జాకెట్ ఉంటే నవ్వుతూ ఆ పలక మీద ఎక్కి బరువేసి పడవని లేపుతాడు. హుస్సేన్ సాగర్‌లో ఇది మామూలే. జాకెట్ లేకపోతే? ఫార్వర్డ్ బటన్ నొక్కేముందు ఆ తండ్రులు ఇది కాస్త ఊహించుకోవాలి.

'అన్నిటికంటే వేగంగా' కూడా తప్పే. అందరికంటే తక్కువ రోజుల్లో తిరిగొచ్చింది 77 అడుగుల గ్రేట్ బ్రిటన్ II. పెద్ద పడవకి సహజంగానే వేగం ఎక్కువ కాబట్టి సైజును బట్టి టైమ్ సవరిస్తారు. ఆ లెక్కలో సయూలా గెలిచింది. న్యాయంగానే గెలిచింది, కానీ లెక్క అది. ఓటమి ఎరగదంటారా, తర్వాతి 1977-78 పందెంలోనే స్వాన్ 65 కింగ్స్ లెజెండ్‌ని వెనక్కి నెట్టి డచ్ పడవ ఫ్లయర్ గెలిచింది. తమాషా ఏంటంటే ఫ్లయర్ డిజైన్ కూడా స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ వాళ్లదే.

భూగోళం చుట్టే ఏకైక పడవ? గోవాలో కట్టిన తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 2017 సెప్టెంబరులో బయల్దేరి 2018 మేలో చుట్టి వచ్చారు. అందులో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. ఈ వార్త మన గ్రూపుల్లో ఎవరికీ చేరలేదు కాబోలు.

కుటుంబ కంపెనీ అట! 1998లో ఇటలీ వ్యాపారి లియొనార్డో ఫెర్రగామో చేతికి వెళ్లింది. 2024లో ఇటలీకే చెందిన సాన్‌లోరెంజో అనే పడవల కంపెనీ మెజారిటీ వాటా కొనుక్కుంది.

సరే, ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. సేల్స్‌మన్ అన్నది నిజం. కోస్కెన్‌కులా కాగితం కంపెనీలో అమ్మకాల ఉద్యోగి, చిన్న వయసు, చేతిలో ఫ్యాక్టరీ లేదు. అలాంటివాడు ప్రపంచంలో పేరుమోసిన డిజైనర్‌ని ఒప్పించాడంటే నాకూ ఆశ్చర్యమే. సయూలా యజమాని రామోన్ కార్లిన్ సంగతీ అంతే. మెక్సికో వ్యాపారి, ఈ ఆటలోకి ఆలస్యంగా వచ్చినవాడు, భార్యనీ కొడుకునీ పడవెక్కించుకుని వెళ్లి, బ్రిటిష్ నౌకాదళం పడవ అడ్వెంచర్‌ని రెండో స్థానంలో వదిలాడు. ఇంత మంచి కథ చేతిలో ఉండగా గొడ్డలీ అడవీ ఎందుకు కలిపారో అర్థం కాదు.

అన్నయ్యకి ఇదంతా పంపాను. జవాబుగా ఒక దండం బొమ్మ వచ్చింది, దాని వెనకే ఫ్యామిలీ గ్రూపులో అదే పాత మెసేజ్.