మసి వేరు, బూడిద వేరు: డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు

డీజిల్ కారులో పసుపు రంగు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలగ్గానే రెండు సలహాలు వచ్చి పడతాయి. ట్యాంకులో ఒక సీసా క్లీనర్ పోసెయ్ అని ఒకటి, ఫిల్టర్ లోపలిదంతా కొట్టి తీయించెయ్, పీడా పోతుంది అని ఇంకొకటి. ఆ రెండో మాట వింటే ఒళ్లు మండుతుంది. ఫిల్టర్ ఎందుకు నిండిందో చూడకుండా దాన్నే ఖాళీ చేస్తే, ఆ మసంతా రోడ్డు మీద జనం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంజిన్‌లోని అసలు లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. చాలా దేశాల్లో అలా తీసేయడం చట్టవిరుద్ధం కూడా.

లోపల ఉన్నది తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ. సన్నటి గొట్టాలు, ఒకదానికి ముందువైపు మూత, పక్కదానికి వెనకవైపు మూత. పొగ ఒక గొట్టంలో దూరి, గోడలోని సూక్ష్మ రంధ్రాల గుండా పక్క గొట్టంలోకి వెళ్లక తప్పదు. మసి ఆ గోడ మీదే ఆగిపోతుంది. మసి కర్బనం కాబట్టి కాలుతుంది. కానీ దాంతోపాటు ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, జింకు లాంటి వాటి బూడిద కూడా చేరుతుంది. అది ఇక కాలదు. పొయ్యిలో బూడిదలాగే ఎత్తిపోయాల్సిందే. ట్యాంకులో పోసే మందు మసి కాస్త తక్కువ వేడికే కాలేలా సాయపడొచ్చు, బూడిదను మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గించలేదు.

మసిని కారు తనంతట తానే కాల్చుకుంటుంది. దాన్నే రీజనరేషన్ అంటారు. దూరప్రయాణాల్లో ఎగ్జాస్ట్ బాగా వేడెక్కితే మెల్లగా అదే జరిగిపోతుంది. అది చాలకపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అదనంగా డీజిల్ చిమ్మి వేడిని 600 డిగ్రీల దాకా లేపుతుంది. ఆ పని 10 నుంచి 20 నిమిషాలు సాగుతుంది. ఆ సమయంలో ఐడిల్ ఆర్‌పీఎం కాస్త పెరుగుతుంది, రేడియేటర్ ఫ్యాన్ హోరుమంటుంది, వేడి వాసన వస్తుంది, స్టాప్-స్టార్ట్ (బండి ఆగగానే ఇంజిన్ దానంతట అదే ఆగే ఏర్పాటు) పనిచేయదు. సరిగ్గా అప్పుడే ఇంటికి చేరామని ఇంజిన్ ఆపేస్తారు! ఇలా పదేపదే జరిగితే ఫిల్టర్ నిండుతుంది, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీంచి ఆయిల్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి, డీజిల్ వాసన కొడుతుంటే ముందు ఆయిల్ మార్చండి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగిపోతాయి.

పసుపు డీపీఎఫ్ లైటు ఒక్కటే ఉంటే భయపడక్కర్లేదు. చాలా కార్లకు గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంలో, ఒక గేరు తక్కువలో, 2000 ఆర్‌పీఎం పైన 15–20 నిమిషాలు ఆగకుండా నడిపితే చాలు. మీ కారు మాన్యువల్లో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ట్యాంకులో పావు వంతుకంటే తక్కువ డీజిల్ ఉంటే చాలా కార్లు రీజనరేషన్ మొదలే పెట్టవు. చెక్ ఇంజిన్ లైటు కూడా తోడై, బండి లాగడం తగ్గితే రోడ్డు మీద తిప్పి లాభం లేదు, స్కానర్ (ఈసీయూలోని లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టించాలి. ఎర్ర లైటు వస్తే పక్కకు ఆపేయండి.

స్కానర్‌లో పి2463 కోడు వస్తే మసి ఎక్కువైందని, పి2452 వస్తే ప్రెషర్ సెన్సార్ సర్క్యూట్లో తేడా అని. కోడు చూసి ఫిల్టర్ విప్పేయకండి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లైవ్ డేటాలో డిఫరెన్షియల్ ప్రెషర్ (ఫిల్టర్‌కు ముందు, వెనక ఒత్తిడిలో తేడా) చూడండి. పొగే లేనప్పుడు అది సున్నా చూపాలి. చూపకపోతే సెన్సార్ అబద్ధం చెబుతోంది. దానికి వెళ్లే రెండు సన్నటి పైపులు పగిలాయో, మసితో పూడాయో కూడా చూడాలి. ఈ పనికి ఐదు నిమిషాలు పట్టదు.

నిజంగానే నిండితే, ఎందుకు నిండిందో వెతకాలి. ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకునే ఉండిపోవడం, ఇంజెక్టర్ కారడం, టర్బో గొట్టంలో గాలి లీకు, ఇవన్నీ మసిని పెంచుతాయి. ఎవరూ అనుమానించనిది థర్మోస్టాట్, అంటే కూలెంట్ వేడిని అదుపు చేసే వాల్వు. అది తెరుచుకుని ఇరుక్కుంటే ఇంజిన్ కావాల్సినంత వేడెక్కదు, ఈసీయూ రీజనరేషన్‌కు ఒప్పుకోదు.

స్కానర్‌తో బలవంతపు రీజనరేషన్ చేయించే ముందు మసి ఎన్ని గ్రాములుందో చూడమనండి. పరిమితి దాటాక అంటిస్తే ఒక్కసారిగా మండి సిరామిక్ బీటలు వారుతుంది.

బూడిద నిండితే ఫిల్టర్ విప్పక తప్పదు. పొగ బయటికి వెళ్లే వైపు నుంచి లోపలికి వచ్చే వైపుకు గాలి కొట్టడం, కొలిమిలో మెల్లగా వేడెక్కించి మిగిలిన మసి కాల్చడం, మళ్లీ గాలి కొట్టడం ఒక పద్ధతి. దానికోసమే చేసిన యంత్రంలో నీళ్లతో వెనక నుంచి కడిగి ఆరబెట్టడం ఇంకొకటి. మామూలు ప్రెషర్ వాషర్ ఎక్కుపెడితే లోపలి పూత పోతుంది. పని చేసేవాళ్లను ఒకటే అడగండి: కడగక ముందు బరువెంత, ఆరాక బరువెంత? చెప్పలేకపోతే ఇంకో చోటు చూసుకోండి. బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవి వేయించండి. ఆయిల్ తక్కువ బూడిద రకమే పోయించండి. ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ3 రకం ఆయిల్‌లో సల్ఫేటెడ్ యాష్, అంటే కాలాక మిగిలే బూడిద, 0.8 శాతం మించదు. చివరగా, ఈసీయూలో పాత బూడిద లెక్కను రీసెట్ చేయించండి. అది మరిచిపోతే శుభ్రంగా ఉన్న ఫిల్టర్‌ను కూడా నిండినట్టే లెక్కేసి లైటు మళ్లీ వెలిగిస్తుంది.