నేలకు ఇంకా వసంతం రాలేదు

చలి ఎక్కువగా ఉండే చోట్ల వసంతం మొదలవుతుండగా ఒక శనివారం ఎండ కాస్త వెచ్చగా తగిలిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు "వచ్చే వారం టెంట్ వేసుకుని పడుకుందామా?" అని అడుగుతారు. నిమిషంలో పది బొటనవేళ్లు లేస్తాయి. ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నా ఉద్దేశం కాదు. నేనూ అలా బొటనవేలు ఎత్తినవాణ్నే. మొదటి రాత్రి రెండింటికి నా మీద మూడు దుప్పట్లు ఉన్నాయి, కిందేమో వీపుని ఐసుగడ్డకి ఆనించినట్టుంది. ఇక లాభం లేదని లేచి కారులోకి వెళ్లాను. మా ఆవిడ నాకంటే గంట ముందే అక్కడికి చేరి, హీటర్ వేసుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక అందరూ చెప్పిన సలహా ఒకటే: ఇంకో దుప్పటి పట్టుకెళ్లాల్సింది. అది తప్పు సలహా. ఆ రాత్రి చలి పైనుంచి రాలేదు, కిందినుంచి వచ్చింది.

మధ్యాహ్నం 15 డిగ్రీల ఎండలో చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతాం కాబట్టి చలికాలం వెళ్లిపోయిందనుకుంటాం. గాలి గంటల్లో వేడెక్కుతుంది, గంటల్లోనే చల్లబడుతుంది. మట్టి అలా కాదు. నెలల తరబడి చల్లబడిన నేల మళ్లీ వేడెక్కడానికి వారాలు పడుతుంది. గాలికి వసంతం వచ్చినా నేల ఇంకా చలికాలంలోనే ఉంటుంది. మీరు దాని మీద పడుకుంటే మీ ఒంటి వేడిని రాత్రంతా మెల్లగా లాగేసుకుంటుంది. స్లీపింగ్ బ్యాగ్ కాపాడుతుందిలే అనుకోవద్దు. దాని వెచ్చదనమంతా లోపలి దూదిలోనో ఈకల్లోనో ఇరుక్కున్న గాలిది. మీ బరువు కింద ఆ గాలి నలిగి బయటికి పోతుంది కాబట్టి వీపు కింద మిగిలేది రెండు పొరల గుడ్డ మాత్రమే.

మేం తీసుకెళ్లింది చుట్టాలొస్తే వేసే గాలి పరుపు, జానెడు ఎత్తున ఉంటుంది. అంత ఎత్తుంటే నేల తగలదు కదా అనుకున్నాం. కానీ ఉత్త గాలి పరుపులో గాలి కదులుతూనే ఉంటుంది, పైనున్న ఒంటి వేడిని కిందికి మోసుకుపోయి నేలకి అప్పజెబుతుంది. పరుపు ఎంత మెత్తగా ఉందన్నది కాదు, వేడిని ఎంత ఆపుతుందన్నది చూడాలి. దాన్నే ఆర్-వేల్యూ అంటారు. ఒకప్పుడు ఏ కంపెనీ కొలత దానిది. 2018లో ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ ఎఫ్3340 అనే ప్రమాణం తెచ్చాక వేర్వేరు కంపెనీల ప్యాడ్లను, అంటే స్లీపింగ్ బ్యాగ్ కింద పరిచే పరుపులను, పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం కుదురుతోంది. రాత్రి సున్నా దగ్గరికి పడిపోయే రోజుల్లో ఆర్-వేల్యూ 4 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉన్న ప్యాడ్ చూసుకోండి. అంత దొరక్కపోతే ఒక ప్యాడ్ మీద ఇంకొకటి వేయండి, వాటి విలువలు కలుస్తాయి. చవకగా దొరికే ఫోమ్ చాప ఒక్కటే 2 దాకా ఇస్తుంది. అది కింద, గాలి ప్యాడ్ పైన వేసుకుంటే సగం రాత్రి గెలిచినట్టే.

అందుకే కొత్తవాళ్లకి నేను చెప్పే వరస అందరూ కొనే వరసకి తలకిందులుగా ఉంటుంది. ముందు ప్యాడ్, తర్వాత స్లీపింగ్ బ్యాగ్, ఆఖర్న టెంట్. మనం ముందు టెంట్ కొంటాం, అదీ ఎంత పెద్దదైతే అంత గొప్ప. నిజానికి టెంట్ పని గాలినీ వాననీ ఆపడమే, వెచ్చగా ఉంచడం కాదు. పైగా ఎనిమిది మంది పట్టే టెంట్లో ముగ్గురు పడుకుంటే చలి ఇంకాస్త ఎక్కువే. మొదటిసారికి టెంట్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, ఏమీ నామోషీ కాదు.

స్లీపింగ్ బ్యాగ్ మీద రాసిన డిగ్రీలు చదవడంలోనూ చాలామంది బోల్తా పడతారు. చాలా బ్యాగుల లేబుల్ మీద మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. సుఖంగా నిద్రపట్టే ఉష్ణోగ్రత మొదటిది. రెండోది ముడుచుకుని ఎలాగో నెట్టుకొచ్చేది. మూడోది ప్రాణం నిలబెట్టుకోవడానికే, దాంతో నిద్రకి సంబంధం లేదు. అట్ట మీద పెద్దక్షరాల్లో వేసేది ఎప్పుడూ కంఫర్టే కానక్కర్లేదు. మీరు మాత్రం కంఫర్ట్ అంకె చూసే కొనండి, అది కూడా మీరనుకుంటున్న చలికంటే 5 డిగ్రీలు తక్కువకి సరిపోయేలా.

మీరనుకుంటున్న చలి కూడా సరైనదో కాదో చూసుకోవాలి. ఫోన్లో కనిపించేది తరచుగా దగ్గర్లోని ఊరి ఉష్ణోగ్రత. ఎత్తుకి వెళ్లేకొద్దీ సగటున ప్రతి 1000 మీటర్లకీ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మబ్బు లేని రాత్రి నక్షత్రాలు బాగా కనిపిస్తాయి, కానీ నేల వేడంతా అడ్డు లేకుండా ఆకాశంలోకి పోతుంది. అలా చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. వాగు పక్కన అందంగా కనిపించే ఆ చదునైన జాగా అందుకే రాత్రికి చలి గుంట అవుతుంది. కాస్త ఎగువన, గాలి కొట్టని చోట వేసుకోండి. వేసే ముందు ఒకసారి తలెత్తి చూడండి, చలికాలంలో విరిగి వేలాడుతున్న ఎండుకొమ్మలు పైన ఉండకూడదు. అసలైన చలి అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున ఉంటుంది. పైగా ఈ రోజుల్లో రాత్రి ఇంకా 12 గంటలకి అటూఇటూగా ఉంటుంది, ఎండాకాలంలోలా కబుర్లలో గడిచిపోయే రాత్రి కాదు.

ఆ మొదటిసారే ఇంకో పొరపాటు చేశాం. చలి రాకూడదని టెంట్ జిప్పులూ వెంటిలేటర్లూ అన్నీ మూసేశాం. పొద్దున్న చూస్తే లోపలి గుడ్డంతా నీటి చుక్కలు, దుప్పట్ల అంచులు తడి. వాన పడిందేమోనని బయటికొస్తే చుట్టూ నేల పొడిగా ఉంది. అదంతా మా ఊపిరే. మనిషి వదిలే ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుంది. ఆ తడి బ్యాగులోకి దిగితే రెండో రాత్రి మొదటిదానికంటే ఘోరంగా ఉంటుంది. కాస్త చలిగాలి వచ్చినా సరే పైన కిటికీ తెరిచే ఉంచండి, తల బ్యాగు లోపల దాచుకుని ఊపిరి వదలకండి. తలకి ఊలు టోపీ పెట్టుకుంటే సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. టెంట్ లోపల స్టవ్ గాని, బొగ్గుల కుంపటి గాని, గ్యాస్ హీటర్ గాని వెలిగించకూడదు. "ఐదు నిమిషాలే", "జిప్పు కొంచెం తీసే ఉంచాం" లాంటివి నా దగ్గర చెల్లవు. మంటలోంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాణ్ని లేపదు. మేం ఆ రాత్రి కారు ఇంజన్ ఆన్ చేసి కళ్లు మూసుకోవడం కూడా తెలివైన పని కాదని తర్వాత అర్థమైంది. వేడి కావాలంటే లోహపు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడు తొడిగి తొడల మధ్య పెట్టుకోండి. పడుకునే ముందు ఏదైనా తినండి. రోజంతా వేసుకున్న మేజోళ్లు పొడిగా అనిపించినా మార్చండి, వాటిలో చెమట ఉంటుంది. కాటన్ బట్టలు ఆ చెమ్మని పట్టుకుని వదలవు, ఈ ఒక్క ప్రయాణానికి వాటిని ఇంట్లోనే ఉంచి ఊలు, ఫ్లీస్ తీసుకెళ్లండి.

పొద్దున్నే కాఫీ పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. మామూలు బ్యూటేన్ డబ్బా సున్నా దగ్గర చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఆ గ్యాస్ ఆవిరయ్యే ఉష్ణోగ్రతే దాదాపు సున్నా. ప్రొపేన్ కలిపినదైతే మెరుగు. డబ్బాని రాత్రి బ్యాగులో మీ పక్కనే పడుకోబెట్టుకోండి, ఫోనూ తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్ కూడా.

ఇంత చెప్పాక, హాయిగా ఎండలు ముదిరాకే వెళ్లొచ్చుగా అని మీరు అడగొచ్చు. వెళ్లొచ్చు. కానీ దోమలు అప్పటికే దిగుతాయి, జనమూ దిగుతారు. ఆకులు రాని చెట్ల మధ్య నుంచి కొండ మొత్తం కనపడేది ఈ కొన్ని వారాలే. నా అభ్యంతరం వసంతంతో కాదు, ఇరవై కుటుంబాలు కలిసి మొదటిసారే మూడు రాత్రుల ప్లాన్ వేయడంతో. అంతమందిలో "నాకు చలేస్తోంది, వెళ్లిపోదాం" అనడానికి ఎవరికీ నోరు రాదు, పిల్లలకి అసలే రాదు. వాళ్లు వణుకుతున్నా, మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా అది నిద్రమత్తు అనుకోవద్దు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకి దిగువకి జారితే అది ప్రమాదం. వేడెక్కకుండానే వణుకు ఆగిందంటే ఇంకా ప్రమాదం. మొదటిసారి ఒక్క రాత్రి చాలు, కారు కనపడేంత దూరంలో. దానికి ముందు ఒక రాత్రి ఇంటి పెరట్లోనో బాల్కనీలోనో ఆ ప్యాడ్ మీద, ఆ బ్యాగులో పడుకుని చూడండి.

మేం మళ్లీ వెళ్లాం, మరుసటి ఏడు అదే రోజుల్లో, రెండేసి ప్యాడ్లు వేసుకుని. ఈసారి తెల్లవారుజామున నన్ను లేపింది చలి కాదు, పక్షుల గోల. మా ఆవిడ ఇంకా గాఢనిద్రలో ఉంది. కారు తాళాలు మాత్రం తలకింద పెట్టుకునే పడుకుంది.