రెండో ప్రశ్నకు సిద్ధమేనా?

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ల కోసం మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే ప్రశ్నలు, ఒక్కోదానికి తయారుగా ఒక జవాబు. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. అయినా ఆ కాగితం వల్ల మేలు కన్నా చెరుపే ఎక్కువని నా అభిప్రాయం. ప్రశ్నల జాబితాతో నాకు పేచీ లేదు. గొడవంతా కింద ఇచ్చిన జవాబులతోనే.

ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆ జవాబులన్నీ కంఠతా వచ్చు. "మీ బలహీనత ఏమిటి?" అంటే "ప్రతి పనీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలనుకుంటాను". "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?" అంటే "మీ కంపెనీతో పాటే ఎదుగుతాను". అభ్యర్థి సగం వాక్యంలో ఉండగానే మిగతా సగం ఎదుటివాళ్లు పూర్తి చేసేయగలరు. అలాంటి జవాబుకు పెద్దగా మార్కులు పడవు, పెద్దగా పోవు కూడా. అసలు కథ ఆ తర్వాత, ఆ జవాబు మీదే వేసే రెండో ప్రశ్నతో మొదలవుతుంది. "పర్‌ఫెక్ట్‌గా చేయాలన్న పట్టుదల వల్ల ఏ పని ఆలస్యమైంది? ఎన్నాళ్లు? మీ మేనేజర్ ఏమన్నారు?" ఇక్కడే చాలామందికి గొంతు తడారిపోతుంది. పీడీఎఫ్‌లో ఆ పేజీ లేదు మరి.

ప్రశ్నలు ముందే చేజిక్కించుకోవాలన్న ఆరాటం కొత్తదేమీ కాదు. థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగం కోసం వచ్చినవాళ్లకు నూటికి పైగా ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టేవాడు. 1921లో ఆ ప్రశ్నలు పత్రికలకెక్కి పెద్ద చర్చే జరిగింది. ఆ రోజుల్లోనే అమెరికా పర్యటనకు వచ్చిన ఐన్‌స్టైన్‌ను, ఎడిసన్ పరీక్షలోది అంటూ, ధ్వని వేగం ఎంతో చెప్పమన్నారు. పుస్తకంలో దొరికే సంగతిని బుర్రలో మోయనన్నాడాయన. (ఆయనకు చెల్లింది. మనం అలా అంటే బయటికి దారి చూపిస్తారు.) తర్వాతి కాలంలో చిక్కుప్రశ్నల మోజు వచ్చింది. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి, ఊరు మొత్తంలో ఎన్ని పెట్రోల్ బంకులున్నాయి, ఇలాంటివన్న మాట. గూగుల్‌లో నియామకాలు చూసిన లాజ్లో బాక్ 2013లో అవన్నీ వట్టి టైమ్ వేస్ట్ అని బాహాటంగానే చెప్పేశాడు.

ఇప్పుడు ఎక్కువగా వినిపించే "ఒక సందర్భం చెప్పండి" రకం ప్రశ్నలకు మూలం పరిశోధకుల దగ్గరుంది. 1980లో గ్యారీ లేథమ్ బృందం "ఇలాంటి పరిస్థితి వస్తే మీరేం చేస్తారు?" అని అడిగే పద్ధతిని ప్రతిపాదించింది. రెండేళ్ల తర్వాత టామ్ జాంజ్ ఆ ప్రశ్నను వెనక్కి తిప్పాడు: "అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు మీరేం చేశారు?" జరగబోయేదాని గురించి ఎవరైనా గొప్పగా చెప్పగలరు, జరిగినదాన్ని తరచి చూడొచ్చు అన్నది అందులోని ఆలోచన. అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూలు పిచ్చాపాటీ ఇంటర్వ్యూల కంటే పనితీరును బాగా అంచనా వేస్తాయని 1998లో ష్మిట్, హంటర్ చూపించారు. 2022లో పాల్ సాకెట్, ఆయన తోటి పరిశోధకులు ఆ పాత లెక్కలను మళ్లీ సరిచూస్తే చాలా పద్ధతుల విలువ పడిపోయింది. ఈ రకం ఇంటర్వ్యూ విలువ కూడా కొంత తగ్గింది గానీ, జాబితాలో మొదటి స్థానం దానిదే అయింది.

మనకు దీనివల్ల తెలిసేదేమిటంటే, ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో ఒక ఫారం ఉంటుంది. మీ జవాబు పక్కన వాళ్లు ఆధారం రాయాలి. "కష్టపడే మనస్తత్వం" అని రాస్తే వాళ్ల పైవాళ్లు ఒప్పుకోరు. "సర్వర్ పడిపోయిన రాత్రి పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్దామని నిర్ణయించింది ఈమె, టీమ్ లీడ్ వద్దన్నా కారణం చెప్పి ఒప్పించింది" అని రాయగలిగితే పని అవుతుంది. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వేసేది అలాంటి వాక్యం దొరుకుతుందేమోనన్న ఆశతోనే. అభ్యర్థిని ఇరికించడానికి అడుగుతున్నారని మనవాళ్లు టెన్షన్ పడతారు గానీ, చాలాసార్లు వాళ్లు మనకు సాయం చేస్తున్నట్టే లెక్క.

అందుకని జవాబులు రాసుకోవడం మానేసి, మీరు చేసిన పనులను తవ్వి తీయండి. ఆరేడు సంఘటనలు చాలు. పాత క్యాలెండర్, అప్రైజల్‌లో మీరు రాసుకున్న మాటలు, మూసేసిన టికెట్లు (అంటే మీరు పూర్తి చేసిన పనుల నమోదులు), ఇవన్నీ ఉద్యోగంలో ఉన్నప్పుడే ఒకసారి తిరగేయాలి. మానేశాక అవి మీకు అందవు. (కంపెనీ ఫైళ్లు ఇంటికి తెచ్చుకోమనడం లేదు. మీ జ్ఞాపకం కోసం నాలుగు ముక్కలు రాసుకోమంటున్నాను.) ఎప్పుడు జరిగింది, ఎవరు వద్దన్నారు, మీరు పక్కన పెట్టిన రెండో దారి ఏది, చివరికి ఏ అంకె మారింది, ఇప్పుడైతే ఏం వేరుగా చేస్తారు. ఇంత వివరం ఉన్న ఒక్క సంఘటన సహోద్యోగితో గొడవ గురించి అడిగినా, గడువు గురించి అడిగినా, నాయకత్వం గురించి అడిగినా పనికొస్తుంది. స్టార్ అని అందరూ చెప్పే పద్ధతి, అంటే పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరస, బాగానే ఉంటుంది. చిక్కల్లా మనవాళ్లు పరిస్థితి దగ్గరే మూడు నిమిషాలు తినేస్తారు. ప్రాజెక్టు చరిత్ర అంతా చెప్పి, చేసిన పని దగ్గరికొచ్చేసరికి "అందరం కలిసి పూర్తి చేశాం" అంటారు. "అందులో మీ వంతు ఏమిటి?" అని రెండో ప్రశ్న పడుతుంది. అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరకదు.

వైఫల్యం గురించిన ప్రశ్నను విడిగా చూడాలి. ఓటమి వేషం కట్టిన గెలుపును పట్టుకొస్తారు చాలామంది: "గడువు తప్పింది, కానీ క్లయింట్ మమ్మల్ని మెచ్చుకున్నాడు". ఎవరికీ నష్టం జరగని వైఫల్యాన్ని ఎవరూ నమ్మరు. నిజంగా దెబ్బ తగిలినదే చెప్పండి. అయితే మీరు అడుగుతున్న ఉద్యోగానికి గుండెకాయ లాంటి నైపుణ్యంలో జరిగినది వద్దు. అకౌంటెంట్ ఉద్యోగానికి వెళ్లి లెక్కలు తప్పిన కథ చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. ఇక్కడ రెండో ప్రశ్న దాదాపు ఒకటే: "తర్వాత మళ్లీ అలాంటి సందర్భం వచ్చిందా?" దానికి మీ దగ్గర రెండో సంఘటన ఉంటేనే మొదటిదాన్ని ఎంచుకోండి.

మీ గురించి చెప్పమంటే రెండు నిమిషాలు దాటొద్దు, రెజ్యూమె చదవొద్దు. జీతం విషయంలో ముందే ఒక అంకె, దాని వెనక కారణం మనసులో ఉంచుకోవాలి. ఇంతకు ముందు ఎంత వచ్చేది, ఇప్పుడు ఎంత కావాలి అన్నవి రెండు వేర్వేరు విషయాలు.

బట్టీ పడితేనే ధైర్యం వస్తుందనే వాళ్లున్నారు. పరాయి భాషలో ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్ల విషయంలో ఆ మాట కొట్టిపారేయలేను. మొదటి వాక్యం, అంకెలు, సాంకేతిక పదాలు నోటికి వచ్చేదాకా పలకండి, తప్పులేదు. మిగతాదంతా బట్టీ పడితే మధ్యలో ఎవరైనా ఆపినప్పుడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది, వ్యాకరణం తప్పు కంటే అదే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇప్పుడు పీడీఎఫ్ పనిని చాట్‌జీపీటీ తీసుకుంది. దాంతో జవాబులు రాయించుకునే బదులు, మీ సంఘటన చెప్పి దాని మీద ఇలాంటి రెండో ప్రశ్నలు ఒక పది వేయమనండి. ఆ పని అది చక్కగా చేస్తుంది.

మన సంఘాలు నడిపే మాక్ ఇంటర్వ్యూలు కూడా మారాలి. ఇప్పుడు అభ్యర్థి ఒక జవాబు చెప్పగానే వలంటీరు "ఇలా కాదు, ఇలా చెప్పాలి" అని తన జవాబు అప్పజెప్పేస్తాడు. సలహాలన్నీ చివరికి దాచి, ఒక్కో జవాబు మీద కనీసం మూడు ప్రశ్నలు వేయాలని నియమం పెట్టుకుంటే బాగుంటుంది. అడిగేవాళ్లు మీ రంగంలో వాళ్లే కానక్కర్లేదు. వేరే రంగం వాళ్లయితే ఇంకా మంచిది, తెలియనప్పుడు మొహమాటం లేకుండా "అంటే ఏమిటి?" అని అడుగుతారు. అలా ఎక్కడెక్కడ ఆపారో అభ్యర్థి రాసుకుని ఇంటికి వెళ్లాలి. ఆ రాత్రి కూర్చుని సరిచేసుకోవాల్సింది ఆ చోట్లనే.