మా బ్లూటూత్ స్పీకర్ గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత బ్లూటూత్ స్పీకర్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమమే అని తెలుసు, చార్జింగ్ పెట్టింది నేనే కదా. గారూ మీరూ అనడం ఇంక నావల్ల కాదు గానీ, నువ్వు అనేస్తా.

నిన్ను కొన్నది పెరట్లో బర్త్‌డే పార్టీకి. అలాంటి నిన్ను గువాహటి దాకా ఫ్లైట్‌లో, అక్కణ్ణుంచి తేజ్‌పూర్, భాలుక్‌పోంగ్, టెంగా మీదుగా నడుం విరిగే రోడ్డులో అరుణాచల్‌లో ఈగిల్‌నెస్ట్ అభయారణ్యం దాకా మోసుకుపోయా, బయటివాళ్ళు అరుణాచల్‌లో అడుగుపెట్టడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ నన్నే అడిగారు, నిన్నెవరూ అడగలేదు. అడగాల్సింది నిన్నే అని ఇప్పుడనిపిస్తోంది.

ఎందుకు మోశానంటే బుగున్ లియోసిక్లా అనే పిట్ట కోసం. గోరింకంత ఉంటుంది, నల్ల టోపీ, కంటి ముందు పసుపు మచ్చ, రెక్కల మీద పసుపూ ఎరుపూ తెలుపూ, తోక చివర నిప్పంటించినట్టు ఎరుపు. రమణ ఆత్రేయ అని ఒక ఖగోళ శాస్త్రవేత్త 1995లో మొదటిసారి చూశాడు, మళ్ళీ కనబడటానికి 2005 అయింది, 2006లో కొత్త జాతి అని ప్రకటించాడు. అప్పటికి లెక్కకి దొరికినవి 14 పిట్టలు. పద్నాలుగు! మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కి కూడా అంతకన్నా ఎక్కువమందే వస్తారు. మామూలుగా కొత్త జాతి అంటే ఒకదాన్ని చంపి మ్యూజియం సొరుగులో పెట్టాలి, ఆయన మాత్రం పద్నాలుగులో ఒకటి తగ్గితే ఎలా అని వలలో పడ్డదాన్ని వదిలేసి ఈకలూ ఫొటోలూ రికార్డింగులతో పని కానిచ్చాడు. పేరు కూడా తనది పెట్టుకోలేదు, ఆ కొండల బుగున్ జనాలది పెట్టాడు. వాళ్ళేమో 2017లో సింగ్‌చుంగ్ దగ్గర 17 చదరపు కిలోమీటర్ల సొంత అడవిని కమ్యూనిటీ రిజర్వ్ (ఊరివాళ్ళే కాపాడుకునే రక్షిత అడవి) చేసేశారు.

ఇంతమంది ఇన్ని త్యాగాలు చేసిన చోటికి నువ్వూ నేనూ వెళ్ళి ఏం చేశామో ఇప్పుడు చెప్తా.

పిట్ట పాట అంటే మనం సంగీతం అనుకుంటాం. కాదంట. మగపిట్ట పొద్దున్నే కొమ్మెక్కి పట్టాదార్ పాస్‌బుక్ గట్టిగా చదవడం అది, ఈ చెట్టు నుంచి ఆ వాగు దాకా నాది, ఎవడూ రావద్దు అని. నేను ఫోన్‌లో దాని పాట డౌన్‌లోడ్ చేసుకుని నీ నోట్లో పెట్టి పొద దగ్గర నొక్కానంటే అర్థమేంటి, ఎవడో కబ్జాకోరు మన గేటు ముందు మైకు పెట్టి మన సర్వే నంబరే చదువుతున్నట్టు. అసలు కొట్లాటకొచ్చే మగపిట్టలే వేళ్ళ మీద లెక్క, చుట్టాల మాటకొస్తే దగ్గర చుట్టం చైనాలో ఎమెయ్ కొండల్లో, వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అలాంటి పిట్టకి బ్యాటరీతో పనిచేసే ప్రత్యర్థివి నువ్వు తయారయ్యావు. ఆకలెయ్యదు, అలసిపోవు, వాల్యూమ్ పెంచితే పెరుగుతావు. గూడూ పిల్లలూ మేతా అన్నీ వదిలేసి అది నీతో పోట్లాటకి రావాలి.

వచ్చింది కూడా. లామా క్యాంప్ దగ్గర వెదురు పొదలోంచి, నాలుగు సెకన్లు. మెడ సాచి, నోరు తెరిచి, ఎక్కడ వాడు అని అటూ ఇటూ వెతికింది. నాకు ఫొటో పడింది. ఫేస్‌బుక్‌లో పెడితే "ఏం పోజు బ్రో" అని కామెంట్లు, పోజు కాదు బ్రో అది పోలీస్ కంప్లైంట్ అని రాద్దామనుకుని లవ్ సింబల్ కొట్టి ఊరుకున్నా (ఇందులో నీ తప్పేం లేదులే).

మళ్ళీ నొక్కబోతుంటే బుగున్ గైడ్ భయ్యా వచ్చాడు. ఏమీ అనలేదు. చెయ్యి చాపాడు. నేను నిన్ను ఇచ్చేశా, స్కూల్లో సార్‌కి గోళీలు ఇచ్చినట్టు. జేబులో వేసుకున్నాడు, రాత్రి అన్నాల దగ్గర పళ్ళెం పక్కన పెట్టి వెళ్ళాడు.

మొన్న ఆదివారం అమ్మ భజనలు పెట్టింది నీలో. అవి అయిపోయాక నా ఫోన్ దానంతటదే తర్వాతి ఫైల్‌కి పోయింది, కూకట్‌పల్లి మూడో అంతస్తులో ఫుల్ వాల్యూమ్‌లో లియోసిక్లా. అమ్మ వంటింట్లోంచి "ఎవర్రా ఈల వేసేది" అంది. బాల్కనీ గ్రిల్ మీద పావురాలు నాలుగు కూర్చునున్నాయి, ఒక్కటి కూడా తల తిప్పలేదు.

ఇట్లు,
నీ ఓనర్